పరమగురువు

గురుపూర్ణిమ సంచికకు "మీకు వైద్యం చెప్పిన గురువుగారి మీద నాలుగు మాటలు రాసివ్వండి" అని మన పత్రిక సంపాదకులు సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ కోవెలలో పట్టుకుని అడిగారు. సరేనన్నాను. తీరా కాగితం ముందు కూర్చున్నాక, నేను రాయాలనుకుంటున్న మనిషి నాకు ఒక్కరోజు కూడా పాఠం చెప్పినవారు కారే అన్న సంగతి గుర్తుకొచ్చింది. ఆయన మా మాస్టారికి గురువు. మన పెద్దలు గురువుకు గురువును పరమగురువు అన్నారు. ఆ లెక్కన డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు నాకు పరమగురువు. ఆ వరసతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు మా మాస్టారి సంగతి చెప్పాలి. పేరు రాస్తే ఆయన ఒప్పుకోరు, అందుకని మాస్టారు అనే అంటాను. కోస్తాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మాకు రేడియాలజీ ప్రొఫెసరు. అంతకుముందు హైదరాబాదు నిమ్స్‌లో సుబ్బారావు గారి దగ్గర పని నేర్చుకున్నారు. మా ఎక్స్‌రే గది ఆసుపత్రి వెనక వరండా చివర ఉండేది. ఫిల్ము పెట్టి చూసే పెట్టెలో రెండు ట్యూబులైట్లు, వాటిలో ఒకటి ఎప్పుడూ ఆరుతూ వెలుగుతూ ఉండేది. బయట బెంచీల మీద, నేల మీద, పేషెంట్లూ వాళ్ల బంధువులూ. పొద్దున తొమ్మిదికి మొదలైతే మధ్యాహ్నం భోజనానికి లేచే దాకా ఫిల్ములు వస్తూనే ఉండేవి.

మొదటి వారంలోనే నాకు తగిలిన దెబ్బ ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక ఛాతీ ఫిల్ము పెట్టి "చదువమ్మా" అన్నారు. నేను రాత్రి చదివిందంతా గుర్తు తెచ్చుకుని, "కుడి ఊపిరితిత్తి పై భాగంలో..." అని మొదలుపెట్టాను. ఆయన ఏమీ అనకుండా ఫిల్ము తీసి కవరులో పెట్టేశారు. నేను బిక్కమొహం వేశాను. "ఊపిరితిత్తి నడిచి రాలేదమ్మా, మనిషి నడిచి వచ్చాడు. ఎవరు? ఏ ఊరు? ఏం పని చేస్తాడు?" అన్నారు. ఓపీ చీటీ తిప్పి చూస్తే అన్నీ దానిమీదే ఉన్నాయి. రాళ్లు కొట్టే పని. అది తెలిసిన తరువాత అదే ఫిల్ము వేరే ఫిల్ములాగా కనిపించింది.

రెండో నియమం మూలలు చూడటం. "నొప్పి ఉన్నచోటు అందరూ చూస్తారు. అది చూడ్డానికి నువ్వెందుకు? నాలుగు మూలలూ చూసి, ఆఖర్న నడుమకు రా" అనేవారు. భుజం కోసం తీసిన ఫిల్ములో మూలన ఊపిరితిత్తి గడ్డ, పొట్ట కోసం తీసిన ఫిల్ములో అంచున విరిగిన పక్కటెముక, ఇలాంటివి ఎన్ని దొరికాయో లెక్కలేదు. దొరికినప్పుడల్లా మేము ఆయన్ను పొగిడితే, గోడమీద ఉన్న ఫోటో వైపు చెయ్యి చూపించి "నాదేముందమ్మా, అంతా పెద్దాయన పెట్టిన భిక్ష" అనేవారు. ఆ ఫోటోలో ఉన్నది సుబ్బారావు గారు. ఆ మాటల్లో ఏది పెద్దాయనదో, ఏది మా మాస్టారి సొంతమో విడదీయడం నావల్ల కాదు. అన్నం పెట్టిన చెయ్యి ఒకటి, వండిన చెయ్యి ఒకటి అయినా, తిన్నవాడికి కడుపు నిండింది కదా.

మన సింగపూరు తెలుగువాళ్లలో ఇక్కడే పుట్టిపెరిగిన పిల్లలున్నారు గనక ఆయన జీవితం కాస్త చెబుతాను. సుబ్బారావు గారు 1925 జనవరి 25న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. చల్లపల్లిలో బడి, బందరు హిందూ కాలేజీలో పై చదువు, ఆపైన విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ. 1950లో డాక్టరయ్యారు. హౌస్ సర్జన్ పని ముగించి 1951లో అమెరికా వెళ్లారు. ఆ రోజుల్లో అమెరికా వెళ్లడమంటే ఊరు ఊరంతా వచ్చి సాగనంపే సంగతి. న్యూయార్కు, బాల్టిమోర్ ఆసుపత్రులలో పనిచేసి, 1955లో అమెరికన్ రేడియాలజీ బోర్డు పరీక్ష నెగ్గారు.

నెగ్గిన మరుసటి ఏడే, 1956లో, తిరిగొచ్చేశారు. మన రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం అది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో రేడియాలజీ చేపట్టి, పద్నాలుగేళ్లపాటు ఇక్కడి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1970లో మళ్లీ అమెరికా వెళ్లారు. అక్కడ పెద్ద పేరు సంపాదించారు, ముఖ్యంగా ఎముకల రేడియాలజీలో. ఆ దశాబ్దం ఆఖర్లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అదే తానా, ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షులు ఆయనే. మనం ఇక్కడ ఉగాదికి కుర్చీలు సర్దుకుంటూ, పులిహోర ఎవరు చేస్తారని తర్జనభర్జన పడుతూ ఉంటామే, ఆ పనులన్నీ ఆయనా చేసి ఉంటారు. అంత పెద్ద డాక్టరు కూడా పరాయి దేశంలో తెలుగువాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం తన పనే అనుకున్నారు.

రెండోసారి తిరిగిరావడం మరీ గొప్పది. నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండి పిలిస్తే, 1980ల నడుమ వచ్చి నిమ్స్ డైరెక్టరు బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. మనలో చాలామంది ఆ వయసుకు రిటైరై మనవల్ని ఎత్తుకోవాలని చూస్తాం. నిమ్స్ మొదట 1964లో తెరిచిన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, అంటే ఎముకల ఆసుపత్రి. ఎముకల ఫిల్ములు చదవడంలో పేరున్న మనిషి ఆ ఎముకల ఆసుపత్రికి వచ్చి, దాన్ని అన్ని విభాగాలున్న పెద్ద సంస్థగా నిలబెట్టడానికి పాటుపడ్డారు. 1989లో దానికి విశ్వవిద్యాలయ హోదా వచ్చింది.

డాక్టరు కానివారికి ఇంకొక విశేషం చెప్పాలి. ఆయన 1970లో దేశం విడిచి వెళ్లేనాటికి సీటీ స్కాను లోకంలో లేదు. మనిషి తలను మొట్టమొదట ఆ యంత్రంతో తీసింది 1971లో, లండన్‌లో. ఆయన తిరిగొచ్చేసరికి సీటీ వచ్చింది, ఎంఆర్ఐ వచ్చింది, వృత్తి మొత్తం తలకిందులైంది. ఒక మనిషి జీవితంలో చదువుకున్న విద్య ఇన్నిసార్లు మారితే, మామూలువాళ్లు పాతదాన్ని పట్టుకుని వేళ్లాడతారు, లేకపోతే కొత్తదానికి దాసోహమంటారు. ఆయన రెండూ చెయ్యలేదు. కొత్తవన్నీ నేర్చుకున్నారు, నేర్పారు. చివరి దాకా ఎముకల సాదా ఎక్స్‌రేను మాత్రం ఆయన చిన్నచూపు చూడలేదని మా మాస్టారు చెప్పేవారు.

నేను ఆయన్ను చూసింది ఒక్కసారే. ఆయన పేరిట క్రెస్ట్ అని ఒక విద్యా ట్రస్టు ఉంది. రేడియాలజీ చదివే పీజీలకు తరగతులు నడుపుతుంది. మా మాస్టారు మమ్మల్ని రాత్రి బస్సెక్కించి అలాంటి ఒక తరగతికి హైదరాబాదు పంపించారు. అప్పటికి పెద్దాయనకు ఎనభై ఎనిమిదేళ్లు. హాలు నిండిపోయి వెనక వరసలో నిలబడ్డాను. తెల్లటి జుట్టు, ముందు వరసలో కూర్చుని పిల్లల వంక చూస్తున్న మనిషి, అంతే. దగ్గరకు వెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టాలని ఉండి కూడా మొహమాటపడి ఊరుకున్నాను. ఆ మొహమాటానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

2021 ఏప్రిల్ 16న ఆయన హైదరాబాదులో పోయారు. తొంభై ఆరేళ్లు. కోవిడ్ రెండో విడత మనవాళ్లను ఊచకోత కోస్తున్న రోజులవి. మన ఇళ్లలో ఫోను మోగితే ఎత్తడానికి భయపడ్డాం. ఆ రోజు మా మాస్టారు తనంతట తానే ఫోను చేశారు. "పెద్దాయన వెళ్లిపోయారమ్మా" అని, మరింకేమీ మాట్లాడలేకపోయారు. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి చిన్నపిల్లాడిలాగా ఏడుస్తుంటే ఫోను చెవికి ఆనించుకుని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి, 23వ తారీఖు అర్ధరాత్రి నుంచి, మన దేశం నుంచి వచ్చేవారికి సింగపూరు తలుపులు మూసేసింది. ఆ రోజుల్లో ఎవరికి ఏమైనా, ఇక్కడ కూర్చుని కళ్లు తుడుచుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం.

ఇంతవరకూ రాసింది ఎవరైనా రాయగలిగేదే. ఇక నేను మాత్రమే రాయగలిగింది, రాయడానికి సిగ్గుపడేది రాస్తాను.

2023లో ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాను. చీకటిగదిలో రెండు తెరలు, పక్కన చల్లారిన కాఫీ, చదవాల్సిన ఫిల్ములు వందకు పైగా. అందులో ఒకాయన నడుము, కటి ఎముకల ఎక్స్‌రేలు వచ్చాయి. వయసు నలభై తొమ్మిది. నడుము పట్టేసి వంగలేకపోతున్నాడని రాసి ఉంది. ఫిల్ము తెరవగానే గుండె ఝల్లుమంది. వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్దముక్కల్లాగా తెల్లగా ఉన్నాయి. ఆ వయసు మగవాళ్లలో ఎముకలు అలా తెల్లబడితే మొదట తట్టేది ప్రోస్టేట్ కాన్సరు ఎముకలకు పాకడం. అదే రాశాను. "ఎక్కువగా అనుమానించవలసింది కాన్సరు, వెంటనే తగిన పరీక్షలు చేయించండి" అని రాసి తరువాతి ఫిల్ముకు వెళ్లిపోయాను. మహా అయితే రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

రెండు రోజుల తరువాత వార్డు నుంచి ఫోను. "మీకు తెలుగు వస్తుందట కదా, ఒక పేషెంటు ఉన్నాడు, ఇంగ్లీషు, తమిళం రెండూ సరిగా రావు. రక్తపరీక్షలో ప్రోస్టేట్ బాగానే ఉంది. కాన్సరు ఎక్కడ మొదలైందో తెలియడంలేదు. కాస్త వచ్చి మాట్లాడతారా" అని అడిగారు. వెళ్లాను. ఆ ఫిల్ము ఆయనదేనని వార్డుకు వెళ్లాకగానీ నాకు తెలియలేదు.

కట్టడం పని చేసే మనిషి. తువాస్ వైపు కార్మికుల డార్మిటరీలో ఉంటాడు. నన్ను చూసి మంచంమీద లేవబోయాడు. మెడ తిప్పకుండా, ఒళ్లంతా ఒక చెక్కలాగా తిప్పి లేచాడు. "కూర్చోండి, ఏ ఊరండీ మీది?" అన్నాను.

"మర్రిగూడ దిక్కు మేడమ్, నల్లగొండ జిల్లా."

నా ఒంట్లో ఉన్న నెత్తురంతా కాళ్లలోకి దిగిపోయినట్టయింది. "ఏ నీళ్లు తాగేవాళ్లు?" అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "బోరు నీళ్లే మేడమ్, మాకు గవే" అన్నాడు. అంటుంటే పళ్లు కనిపించాయి. గోధుమరంగు చారలు, గుంటలు. "మా నాయిన గూడ గిట్లనే కట్టెలెక్క అయిండె. నడుం వంగకనే పోయిండు" అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "కాన్సర్ అంటున్రు మేడమ్. ఇంట్ల ఇంకా చెప్పలే. రెండు దినాలాయె నిద్ర లేదు. నేను పోతే పైసలు ఎవరు పంపుతరు" అన్నాడు.

అది కాన్సరు కాదు. ఫ్లోరోసిస్. నల్లగొండ జిల్లా కొండరాళ్లలో ఉన్న ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అక్కడి ఎన్నో ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్లతరబడి ఆ నీళ్లు తాగితే అది ఎముకలో చేరి ఎముకను తెల్లగా, బండలాగా చేస్తుంది. ఎముకను ఎముకకు కట్టి ఉంచే తంతువులు కూడా గట్టిపడి ఎముకగా మారిపోతాయి. అందుకే ఒళ్లు చెక్క అవుతుంది. పళ్లు మాత్రం పసితనంలో, చిగురు లోపల తయారయ్యే రోజుల్లో తాగిన నీటి గుర్తును దాచుకుంటాయి. ఒక మనిషి ఎనిమిదేళ్ల లోపు ఎక్కడి నీళ్లు తాగాడో పళ్లు సాక్ష్యం చెబుతాయి.

సిగ్గు ఎక్కడంటే, ఈ జబ్బు మన నేల జబ్బు. 1937లోనే మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ గారూ, ఆయన తోటి డాక్టర్లూ దీన్ని కనిపెట్టి రాశారు. నల్లగొండ జిల్లా సంగతి 1955లో సిద్దీఖీ గారు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుకునే ఈ పాఠం మన తెలుగు పల్లెల మనుషుల ఎముకల మీద రాసింది. ఎముకలు తెల్లబడటానికి కారణాల పట్టిక పీజీలో నేనూ బట్టీపట్టాను. అందులో ఫ్లోరోసిస్ ఎక్కడో నాలుగోదో ఐదోదో. ఈ ఊళ్లో 1950లలోనే పిల్లల పళ్లు పుచ్చకుండా మంచినీళ్లలో ఫ్లోరైడు కొలిచి కలపడం మొదలుపెట్టారు. కొలిచి కలిపే ఊరికి వచ్చి, కొలత లేకుండా తాగిన మనవాళ్లను మరిచిపోయాను.

గదికి పరుగున వచ్చి ఆ ఫిల్ము మళ్లీ తెరిచాను. ఈసారి మూలల నుంచి మొదలుపెట్టాను. కటి ఎముకల కింద, ఫిల్ము అంచున, తంతువులు ఎముకగా మారి ముళ్లలాగా పొడుచుకు వచ్చి ఉన్నాయి. మొన్న రాత్రి కూడా అవి అక్కడే ఉన్నాయి. నేనే అక్కడిదాకా వెళ్లలేదు. ముంజేతుల ఫిల్ములు తీయించాను. రెండు ఎముకల మధ్యనున్న పొర గట్టిపడి రంపం పళ్లలాగా కనిపించింది. ఇక సందేహం లేదు. నా రిపోర్టు తప్పని నేనే రాసి సరిదిద్దాను.

మళ్లీ వార్డుకు వెళ్లి ఆయన పక్కన కూర్చుని చెప్పాను. కాన్సరు కాదని, ప్రాణభయం లేదని. కానీ పట్టేసిన ఎముకను మునుపటిలాగా చేసే మందు లేదని కూడా చెప్పాను. నొప్పికి మందులు, మంచి తిండి, మంచి నీళ్లు, నరం నొక్కుకుపోతే ఆపరేషను, అంతే మన చేతుల్లో ఉన్నది. మొదట తప్పు రాసింది నేనేనని కూడా చెప్పాను. చెప్పకుండా లేచి రాబుద్ధి కాలేదు. ఆయన కాసేపు నా మొహం చూసి, "ఊరు అడిగినరు గద మేడమ్, గది చాలు" అన్నాడు. ఫోను తీసి ఒక పిల్లాడి ఫోటో చూపించాడు. కూతురి కొడుకు, ఏడేళ్లవాడు. "ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నయి. వీని పండ్లు సూడున్రి" అన్నాడు. ముందు పళ్లు రెండూ తెల్లగా ఉన్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలం ఆ ఊరికి చేరిందన్నమాట. నేను చదివిన ఫిల్ములన్నిటిలోకీ ఆ ఫోటోయే నాకిష్టమైనది.

ఆ రాత్రి మా మాస్టారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను.

"పేరు చదివావా?"

"చదివాను సార్."

"ఊరు?"

"ఇక్కడ తెరమీద ఊరు ఉండదు సార్. పేరు, వయసు, ఒక నంబరు, అంతే."

"లేకపోతే అడగాలమ్మా" అన్నారు. కాస్సేపాగి, "నువ్వు తప్పు చేశానని నాకు చెప్పావు చూడు, పెద్దాయన ఉంటే సంతోషించేవారు" అన్నారు. ఫోను పెట్టేముందు ఎప్పుడూ అడిగే మాటే అడిగారు: "ఎప్పుడొచ్చేస్తావు?" "పెద్దాయన రెండోసారి వచ్చింది అరవై దాటాక కదా సార్, నాకింకా ఇరవై ఏళ్లకు పైనే ఉంది" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పిల్లల చదువులు, ఇంటి అప్పు, అలవాటైన ఊరు. ఈ పత్రిక చదివే వాళ్లందరికీ తెలిసిన కారణాలే. సుబ్బారావు గారికీ ఇవన్నీ ఉండే ఉంటాయి, అయినా రెండుసార్లు వచ్చారు. నేను ఆయనంత దాన్ని కానని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

అయితే వెళ్లలేనివాళ్లకు కూడా ఆయన విద్యలో భాగం ఉందని ఆ పేషెంటు వల్ల తెలిసింది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే కుర్రడాక్టరు ఒకాయన, ఇక్కడి చీనా అబ్బాయి, విచిత్రమైన ఫిల్ము వస్తే ముందు వార్డుకు ఫోను చేసి "ఆ మనిషిది ఏ ఊరు, ఏం పని" అని అడుగుతున్నాడు. మొదట్లో ఇది నా చాదస్తం అనుకున్నాడు. ఒక రోజు "ఈ పద్ధతి మీకెవరు నేర్పారు?" అని అడిగాడు. మా మాస్టారి పేరు చెప్పాను, ఆపైన పరమగురువు పేరూ చెప్పాను. కాకర్ల అన్న మాట పలకడానికి నాలుగుసార్లు అవస్థపడి, ఐదోసారికి బాగానే పలికాడు.

ఒక విన్నపంతో ముగిస్తాను. మన సభ్యుల్లో డాక్టర్లు కానివారే ఎక్కువ. ఆదివారం తెక్కా దగ్గర మనవాళ్లు, మన పల్లెలవాళ్లు, వందలమంది కనిపిస్తారు. వాళ్లలో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే, వీలు చేసుకుని తోడు వెళ్లండి. డాక్టరు చెప్పింది వాళ్లకు, వాళ్లు చెప్పింది డాక్టరుకు తెలుగులోంచి అందించండి. ఇంకేమీ తోచకపోతే, ఏ ఊరండీ అని అడగండి. ఒక్కోసారి ఆ ఒక్క మాటతోనే ఒక మనిషికి నిద్రపడుతుంది.